జీపులో టక్కు

మా తాతయ్య 1961లో తణుకు పక్క ఊరు వదిలి తుంగభద్ర ఎడమ కాలువ కిందికి వచ్చారు. అప్పటికి నాన్నకి పదేళ్ళు. అయిదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇక్కడికొచ్చాక బడికి కాక పొలానికి వెళ్ళారు. అందుకని నాన్న తెలుగు రాస్తారు, చదువుతారు. కన్నడం మాత్రం మాట్లాడతారంతే. మేము దానికి తిరగేసిన బాపతు. గంగావతి దగ్గర క్యాంపులో పుట్టి, కన్నడ మీడియంలో చదువుకుని, ఇంట్లో తెలుగు విని పెరిగినవాళ్ళం. తెలుగు అక్షరాలు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాం. తలకట్టు ఒక్కటి మార్చుకుంటే సగం అక్షరాలు వచ్చేసినట్టే అనేది ఆవిడ. అందుకే మా తెలుగులో తప్పులుంటే సర్దుకోండి. ఇక్కడ మేము అంటే ముఖ్యంగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే పెద్దవాళ్ళం అని అర్థం. తమ్ముడు క్యాంపులోనే ఉండి వరి చూసుకుంటాడు.

ఇప్పటిదాకా మన కుటుంబాల వలస గురించి, ఇళ్ళ గురించి, సంక్రాంతి అరిసెల గురించి రాసుకున్నాం. ఈసారి మా జీపు గురించి. నవ్వకండి, ఇదీ ఇంటి సంగతే.

ఆ జీపు నాన్న 1994లో సెకండ్ హ్యాండులో కొన్నారు. డీజిల్ బండి, ఫోర్ వీల్ డ్రైవు. ఈ ప్రాంతంలో నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి చక్రానికి అంటుకుని రోటి పచ్చడి ముద్దలా పేరుకుపోతుంది. కాలువ గట్టు మీద మామూలు బండి పక్కకి జారుతుంది. అందుకని ఫోర్ వీలు మాకు షోకు కాదు, అవసరం. విత్తనాలు, ఎరువు బస్తాలు, పురుటి నొప్పులొచ్చిన పక్కింటి అమ్మాయి, ఓ రాత్రి తేలు కుట్టిన మా నాయనమ్మ, అందరూ దాంట్లోనే ఎక్కారు.

రెండేళ్ళ కిందట దాంట్లో ఒక చప్పుడు మొదలైంది.

మొదట తమ్ముడు ఫోన్లో చెప్పాడు. "అన్నయ్యా, గాడీలో కిచకిచ అంటోంది. నాన్నకి చెప్తే ఏమీ లేదు పొమ్మంటున్నారు." మేము వెళ్ళినప్పుడు విన్నాం. మెల్లగా పోతుంటే కింద నుంచి పిచ్చుక అరిచినట్టు కిచ, కిచ, కిచ. నాన్నని అడిగాం. "నాకేం వినపడట్లా" అన్నారు. మళ్ళీ అడిగాం. విసుక్కున్నారు. ఇంక మేమూ ఊరుకున్నాం. బండి మీద మాట పడనివ్వరు కదా, మొండితనం అనుకున్నాం. మా ఆఫీసులో కూడా ఇలాంటివాళ్ళు ఉంటారు. బగ్గు రాసి పంపిస్తే "నా మెషీన్లో బాగానే పనిచేస్తోంది" అని తిప్పి కొడతారు. నాన్నదీ అదే జబాబు అనిపించింది.

ఆరు నెలలకి కిచకిచ కాస్తా టక్ టక్ అయింది. అప్పుడు నాన్నే ఒప్పుకున్నారు. "అవున్రా, ఏదో తగుల్తోంది" అన్నారు. తమ్ముడు దాన్ని టౌన్లో ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఒక రౌండు తిప్పి, గేర్ బాక్సు, దాని వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసు రెండూ విప్పాలి, 45,000 అవుతుంది, విప్పాక ఇంకా పెరగొచ్చు అన్నారు. ఇంట్లో లెక్క మొదలైంది. 45,000 పెట్టి ముప్పై ఏళ్ళ బండి బాగుచేయించడమా? పాత ఇనుము కింద అమ్మేయడమా? తమ్ముడు "హోగ్లి బిడు అన్నయ్యా, అమ్మేద్దాం" అన్నాడు. పోనీలే వదిలెయ్ అని. నాన్న ఏమీ అనలేదు. లేచి వెళ్ళి జీపు టార్పాలిన్ సర్దుకుని వచ్చారు. 72 ఏళ్ళ మనిషి, పొద్దున్నే ఆ బండిలో కాలువ దాకా వెళ్ళి నీళ్ళు చూసుకుని రావడమే ఆయన రోజు. అది పోతే ఆయన ఇంట్లో కూర్చుంటారు. అమ్మ ఆ మాట బయటికి అంది.

అప్పుడు మేము అన్నాం, సంక్రాంతికి నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాం, విప్పే ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేలుద్దాం అని. మాకు మెకానిక్ పని రాదు. కానీ తప్పు ఎక్కడుందో వెతకడం మా పదకొండేళ్ళ ఉద్యోగం. బాగు చేసేది వేరేవాళ్ళు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అని తేల్చేది మేము.

భోగి రోజు ఒక పాత నోటుపుస్తకం తీశాం. అలవాటు కొద్దీ కన్నడంలో గళ్ళు గీశాం. నాన్న చూసి, "నేను చదవలేనిది నా బండి గురించి రాస్తే ఎట్లారా?" అన్నారు. నిజమే. చింపేసి తెలుగులో గీశాం. ఏ గేరు, ఎంత స్పీడు, టూ వీలా ఫోర్ వీలా, తిన్నగానా మలుపులోనా, యాక్సిలరేటర్ తొక్కుతూనా వదిలేసా. చివరి గడి చప్పుడు. అక్కడే ఆగిపోయాం. తమ్ముడు అన్నిటికీ "సౌండు" అంటాడు. వర్క్‌షాపు కాగితం మీద "నాయిస్" అని ఒక్క మాట ఉంది. నాన్న మాత్రం విడదీశారు. "ఒకటి కాదురా, మూడున్నాయి. గేరులో వేసి క్లచ్ వదిలితే ఒక్కసారి టంగు మంటుంది. పోతుంటే టక్ టక్ మంటుంది. ఫోర్ వీల్లో మలుపు తిప్పితే కటకట కొట్టుకుని బండి గుంజుతుంది." మేము నాలుగోది కలిపాం, కిచకిచ. నాన్న పెన్ను పట్టుకుని టంగు, టక్కు, కటకట అని రాశారు. కిచకిచ రాయలేదు. మేమే రాశాం.

ఇంత పనికీ అదే పెద్ద మలుపని ఇప్పుడు అనిపిస్తోంది. మూడు నాలుగు తప్పుల్ని ఒకే పేరుతో పిలిస్తే ఏదీ దొరకదు. తెలుగులో చప్పుళ్ళకి ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. లొడలొడ అంటే వదులైంది, గరగర అంటే రాసుకుంటోంది, కిర్రు అంటే నూనె లేదు. మెకానిక్కి సగం పని ఆ మాటే చేసి పెడుతుంది.

ముందు టక్కు పట్టుకున్నాం. బండి నిలబెట్టి ఇంజను రేజు చేస్తే రాలేదు. అంటే ఇంజనుది కాదు. ముప్పై స్పీడులో మూడో గేరులో పోయాం, అదే స్పీడులో టాప్ గేరులో పోయాం. ఇంజను తిరిగే వేగం మారింది, టక్కుల వేగం మారలేదు. న్యూట్రల్లో వేసి జారనిచ్చినా టక్కు అలాగే ఉంది. అంటే అది ఇంజను వేగాన్ని బట్టి కాదు, రోడ్డు మీద బండి వేగాన్ని బట్టి వస్తోంది. గేర్ బాక్సు పళ్ళ మీద అనుమానం తగ్గింది. ఇక మిగిలినవి గేర్ బాక్సు నుంచి చక్రాల దాకా ఉన్న సామాను: ట్రాన్స్‌ఫర్ కేసు బయటి షాఫ్టులు, ముందుకీ వెనక్కీ పోయే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులు, రెండు డిఫరెన్షియళ్ళు, చక్రాల బేరింగులు.

ఈ షాఫ్టుల సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. ఇరుసు స్ప్రింగుల మీద కిందకీ పైకీ ఊగుతుంది, గేర్ బాక్సు ఊగదు. రెంటినీ కలిపే షాఫ్టు వంగుతూ తిరగాలి. అందుకు రెండు కొసల్లోనూ కూడిక గుర్తు ఆకారంలో ఒక ముక్క ఉంటుంది. మెకానిక్కులు దాన్ని క్రాసు అంటారు. నాలుగు చేతుల మీదా నాలుగు టోపీలు, ప్రతి టోపీలోనూ సూదుల్లాంటి సన్నని రోలర్లు వరసగా ఉంటాయి. షాఫ్టు పొడవు మారడానికి మధ్యలో పళ్ళ జోడు ఒకటి జారుతూ ఉంటుంది. వీటన్నిటికీ గ్రీజే ప్రాణం.

చక్రం చప్పుడా, షాఫ్టు చప్పుడా? ఇది లెక్కతో తేలుతుంది. చక్రం మీద చాక్‌పీసుతో గీత పెట్టి ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచాం. ముందు టైరు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు. అదే ఒక చుట్టులో షాఫ్టు ఎన్నిసార్లు తిరుగుతోందో తమ్ముడు కింద పడుకుని లెక్కపెట్టాడు. అయిదు చుట్లు, ఆపైన మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. అంటే చక్రం పది చుట్లు తిరిగితే బండి 22 మీటర్లు పోతుంది, షాఫ్టు సుమారు 54 చుట్లు తిరుగుతుంది.

అమ్మ దగ్గర పండగ ముగ్గు డబ్బా అడిగి తీసుకుని, కాలువ రోడ్డు మీద 22 మీటర్లకి ఒక గీత ఇటు, ఒక గీత అటు వేశాం. ఇంజను ఆపేసి నలుగురు కుర్రాళ్ళతో బండి తోయించాం. నాన్న స్టీరింగు దగ్గర. ఫోను ఛాసిస్‌కి టేపుతో కట్టి రికార్డింగు పెట్టాం. తర్వాత మెల్లగా తిప్పి విని లెక్కపెట్టాం. మూడుసార్లు తోయించాం. 53, 54, 54. పది దరిదాపుల్లో వచ్చుంటే చక్రం బేరింగో, టైరో, బ్రేకు డ్రమ్మో వెతికేవాళ్ళం. 54 అంటే షాఫ్టే. ముగ్గు పోయినందుకు అమ్మ కోప్పడింది గానీ, ఆ లెక్క మాత్రం ఆవిడ కూడా కూర్చుని విన్నది.

కానీ ఏ షాఫ్టు? ఇక్కడ లెక్క సాయం చెయ్యదు. ముందు ఇరుసు పళ్ళ లెక్క, వెనక ఇరుసు పళ్ళ లెక్క ఒకటే ఉంటాయి. లేకపోతే ఫోర్ వీలు పనిచెయ్యదు. పైగా మా జీపు ముందు చక్రాల హబ్బులు విడదీసే రకం కాదు. టూ వీల్లో పోతున్నా ముందు చక్రాలు ముందు షాఫ్టుని ఊరికే తిప్పుతూనే ఉంటాయి. కాబట్టి రెండు షాఫ్టులూ ఎప్పుడూ తిరుగుతుంటాయి. మేము వెనకదే అనుకున్నాం. బరువు లాగేది అదే కదా.

చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాం. ఒక చెయ్యి షాఫ్టు మీద, ఒక చెయ్యి ఫ్లాంజి మీద పెట్టి ఎదురెదురుగా తిప్పితే, క్రాసు అరిగి ఉంటే మధ్యలో సందు కదలడం కంటికి కనపడుతుంది. ముందుదీ వెనకదీ రెండూ గట్టిగానే ఉన్నాయి. తర్వాత తెలిసింది, మేము ఆ పరీక్ష చేసింది బండి గేరులో, ఫోర్ వీల్లో పెట్టి. అప్పుడు షాఫ్టులు మెలి పడి బిగిసి ఉంటాయి. అరిగిన క్రాసు కూడా గట్టిగానే తగుల్తుంది. న్యూట్రల్లో, టూ వీల్లో చూడాలి. తప్పు వాతావరణంలో టెస్టు చేసి పాస్ అని రాయడం మా వృత్తిలో మొదటి పాపం. ఇంటికొచ్చి అదే చేశాం.

సరే, వెనక షాఫ్టు విప్పి చూద్దామని నిర్ణయించాం. ఈసారి ఫోర్ వీల్లోంచి టూ వీల్లోకి మార్చాం. మొదటి గేరులో వేశాం, హ్యాండ్‌బ్రేకు లాగాం. మా వాకిలి కాలువ వైపుకి కొంచెం వాలు. మేము వెల్లకిలా కిందకి దూరాం. బోల్టులు ఒక్కోటే వచ్చాయి. ఆఖరిది ఊడి షాఫ్టు కొస కిందకి దిగగానే, మా మీదున్న బండి కదిలింది.

అరవడానికి కూడా టైము లేదు. జానెడు జరిగి, దబ్‌మని ఆగిపోయింది. వెనక చక్రం కింద ఒక పెద్ద రాయి ఉంది. మేము పెట్టింది కాదు. నాన్న పెట్టారు. మేము పానాలు వెతుక్కుంటుంటే ఆయన వచ్చి, చెప్పకుండా, రెండు చక్రాలకీ రెండు రాళ్ళు పెట్టి వెళ్ళి అరుగు మీద కూర్చున్నారు.

జరిగిందేమిటంటే, మా జీపుకి హ్యాండ్‌బ్రేకు వెనక చక్రాల్లో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము మీద ఉంటుంది. అది పట్టుకునేది షాఫ్టుని. షాఫ్టు చక్రాన్ని పట్టుకోవాలి. షాఫ్టే విప్పేశాక హ్యాండ్‌బ్రేకు గాల్లో ఉన్నట్టే. గేరు కూడా అంతే. గేరు బండిని ఆపేది ఆ షాఫ్టు ద్వారానే. ఫోర్ వీల్లో ఉంచి ఉంటే ముందు షాఫ్టయినా పట్టుకునేది. అంతా మాకు కాగితం మీద తెలిసిన సంగతే. కింద పడుకున్నప్పుడు తోచలేదు.

బయటికొచ్చాం. ఒళ్ళంతా మట్టి, కాళ్ళు వణుకుతున్నాయి. నాన్న తిట్టలేదు. "రాయి పెట్టకుండా బండి కింద దూరకూడదురా" అని ఒక్క మాటన్నారు. అమ్మ మాత్రం ఆ రోజు మాతో మాట్లాడలేదు.

విప్పాం కాబట్టి చూశాం. వెనక క్రాసులు రెండూ నాలుగు వైపులా మెత్తగా, సమంగా తిరిగాయి. జారే పళ్ళ దగ్గర మాత్రం గ్రీజు ఎండిపోయి ఉంది. గ్రీజు పెట్టి, విప్పే ముందు పెట్టుకున్న చాక్‌పీసు గుర్తు ప్రకారమే మళ్ళీ బిగించాం. ఈ గుర్తు ముఖ్యం. షాఫ్టు రెండు కొసల కొమ్ములూ ఒకే వరసలో ఉండాలి. జారే పళ్ళు ఒక పన్ను అటూ ఇటూ అయి కూర్చున్నా బండి కొత్తగా వణకడం మొదలవుతుంది. అప్పుడు ఒక తప్పు దిద్దబోయి ఇంకోటి తెచ్చుకున్నట్టు.

సాయంత్రం మళ్ళీ నడిపి చూశాం. టంగు కొంచెం తగ్గింది. టక్కు తగ్గలేదు. అప్పుడు నాన్న చెప్పులు విడిచి, వట్టి కాలు ఫ్లోరు మీద పెట్టి కూర్చున్నారు. తమ్ముడు నడుపుతున్నాడు. కాసేపటికి "ముందుదిరా" అన్నారు. ఎలా తెలిసిందంటే, "మడమకి తగుల్తోంది. వెనకదైతే సీటుకి తగలాలి" అన్నారు.

మర్నాడు ముందు షాఫ్టు విప్పాం. ఈసారి రాళ్ళు మేమే పెట్టాం, నాన్న వచ్చి కాలితో తన్ని చూసుకున్నారు. ముందు షాఫ్టు తీసేసినా టూ వీల్లో బండి మామూలుగా నడుస్తుంది. నడిపాం. టక్కు లేదు. కిచకిచ లేదు. ముగ్గు గీతల మధ్య 22 మీటర్లూ తోయించి రికార్డు చేశాం. ఏమీ లేదు, కుర్రాళ్ళ ఆయాసం తప్ప.

ఇంటికొచ్చి పాత రికార్డింగు, కొత్త రికార్డింగు పక్కపక్కన పెట్టి నాన్నకి వినిపించాం. పాతదాంట్లో ఒక చోట టక్కు సన్నగిల్లి కిచకిచ ఒక్కటే ఉంటుంది. అక్కడ పెట్టి, "ఇదిగో నాన్నా, మేము మొదట్నుంచీ చెప్పింది ఇదే" అన్నాం. ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఏదీ?" అన్నారు. వాల్యూము పెంచాం. గదిలో అందరికీ వినపడుతోంది. మూడేళ్ళ మా తమ్ముడి కూతురు "పిట్ట" అంది. నాన్న మా మొహాలు చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా ఆయన అబద్ధం ఆడలేదు, మొండికి పోలేదు. ఆయనకి ఆ చప్పుడు నిజంగానే వినపడట్లేదు. నలభై ఏళ్ళు ట్రాక్టరు మీద, చెవికి గుడ్డయినా అడ్డం లేకుండా కూర్చున్న మనిషి. పెద్ద చప్పుడులో ఏళ్ళ తరబడి ఉంటే ముందు పోయేది సన్నని కీచు శబ్దాలు. మాటలూ లావు చప్పుళ్ళూ చాలాకాలం వినపడుతూనే ఉంటాయి, అందుకని ఎవరికీ తెలియదు, ఆయనకీ తెలియదు. టీవీ పెద్దగా పెడుతున్నారని మేము నవ్వుకున్నాం. మనవరాలు పిలిస్తే పలకట్లేదని తమ్ముడి భార్య నొచ్చుకుంది. అన్నీ ఒక బగ్గువే, వేరువేరుగా రాసుకున్నాం. బండి గురించి అంత పద్ధతిగా పుస్తకం పెట్టినవాళ్ళం, మనిషి గురించి ఒక్క ప్రశ్న వెయ్యకుండా మొండితనం అని రాసి మూసేశాం. ఆ రాత్రి మాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

షాఫ్టు తీసుకుని గంగావతిలో పాత బస్టాండు వైపున్న ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాం. చిన్న షెడ్డు. నాన్నకి ఇరవై ఏళ్ళ పరిచయం. క్రాసుని చేత్తో అటూ ఇటూ వంచి చూడగానే "క్రాస్ హోగైతి ధణీ" అన్నాడు. క్రాసు పోయింది యజమానీ అని. టోపీలు కొట్టి ఊడదీస్తే మూడింటిలో గ్రీజు ఉంది. నాలుగోదాంట్లో సూదులు లేవు. ఎర్రటి తుప్పు పొడి ఉంది. ఆ చేతి మీద సూదులు నొక్కుకుపోయిన గాట్లు వేలికి తగులుతున్నాయి. ఏటా మడిలో, బురదలో దిగే బండి. నీళ్ళు లోపలికి పోయాయి. గ్రీజు నిపిల్ నుంచి నాలుగు టోపీలకీ పోవాల్సిన దారుల్లో ఒకటి గట్టిపడిన గ్రీజుతో మూసుకుపోయింది. గ్రీజు గన్ను కొట్టినప్పుడల్లా మూడు వైపులా బయటికి వచ్చేది, నాలుగో వైపు రాలేదని ఎవరూ చూడలేదు. నాలుగు వైపులా కొత్త గ్రీజు బయటికి ఉబికేదాకా కొట్టాలి అని ఉస్తాద్ చెప్పాడు.

కొత్త క్రాసు, కూలీ కలిపి 1,400 అయింది. 45,000 ఎక్కడ, ఇదెక్కడ. వర్క్‌షాపువాళ్ళు మోసం చేశారని మేము అనం. వాళ్ళు ఒక రౌండు తిప్పి ఊహ చెప్పారు. ఊహ మీద విప్పించుకోబోయింది మేము. ఇంకో సంగతి ఉస్తాద్ చెప్పాడు. అలా ఇంకొన్నాళ్ళు నడిపి ఉంటే ఏ స్పీడులోనో క్రాసు విరిగి షాఫ్టు ముందు కొస కింద పడేది. నేలలో గుచ్చుకుంటే బండి ఎగిరి పడుతుంది. నాన్న రోజూ పొద్దున్న ఒక్కరే వెళ్తారు, కాలువ గట్టు మీద.

మిగతా రెండు చప్పుళ్ళ సంగతీ చెప్పి ముగిస్తాం, చాలామందికి పనికొస్తుంది.

ఫోర్ వీల్లో కటకట బండి తప్పు కాదు, తమ్ముడిది. పట్టు బాగుంటుందని వాడు తారు రోడ్డు మీద కూడా ఫోర్ వీలు వేసి నడిపేవాడు. మా జీపులాంటి పాత రకంలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ వీలు వేస్తే రెండు షాఫ్టులూ ఒకే లెక్కన తిరగాల్సిందే. కానీ మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోతాయి. బురదలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు. ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలిపడి, భరించలేనప్పుడు ఒక్కసారి వదులుతుంది. అదే కటకట. దానికి తోడు మా ముందు టైర్లు కొత్తవి, వెనకవి అరిగినవి. కొలిస్తే ముందుది 220 సెంటీమీటర్లు, వెనకది 216. నాలుగు సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కిలోమీటరుకి లెక్క వేస్తే 18 మీటర్ల తేడా. తిన్న రోడ్డులో పోతున్నా అంత తేడా ఎక్కడో ఒక చోట ఈడ్చుకుపోవాలి. ఫోర్ వీలు లివరు బిగిసిపోయి రాకపోవడానికి కారణం కూడా ఇదే. కొంచెం రివర్సు తీస్తే మెలి విడిపోయి లివరు వస్తుంది. ఇప్పుడు నాలుగు టైర్లూ ఒకే వయసువి వేశాం, తారు మీద ఫోర్ వీలు మానేశాం.

ఇక టంగు. క్లచ్ వదలగానే ఒక్కసారి వచ్చేది. అది జారే పళ్ళు, డిఫరెన్షియల్ పళ్ళు, బోల్టులు, అన్నిచోట్లా కొంచెం కొంచెంగా చేరిన ముప్పై ఏళ్ళ వదులు. ఉస్తాద్ వెనక ఫ్లాంజి నట్టు, స్ప్రింగుల యూ బోల్టులు, ఇంజను మౌంటింగులు బిగువు చూశాడు. అన్నీ బాగున్నాయి. "అది దాని వయసు ధణీ" అన్నాడు. నాన్న పుస్తకంలో టంగు పక్కన "ఉండనీ" అని రాశారు. మా భాషలో దాన్ని తెలిసిన లోపం, దిద్దక్కర్లేదు అని మూసేస్తాం.

మీలో చాలామందికి ఇప్పుడు కొత్త రకం బళ్ళు ఉంటాయి. వాటిలో కొన్నింటికి మధ్య డిఫరెన్షియల్ గానీ, కంప్యూటరు నడిపే క్లచ్ గానీ ఉంటుంది, కాబట్టి వాటికి తారు మీద ఈ గోల ఉండకపోవచ్చు. కానీ వెతికే దారి అదే. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటర్ తొక్కితే ముందు నుంచి కట్ కట్ మంటే చక్రం దగ్గరి సీవీ జాయింటు, దాని రబ్బరు బూటు చూడండి. గుంటలో పడ్డప్పుడే వస్తే సస్పెన్షన్ బుష్షులు. చక్రం చుట్టుకి ఒకసారి వస్తే టైరూ బ్రేకూ చూడండి. ఇంజను వేగంతో మారితే ఇంజను వైపు, రోడ్డు వేగంతో మారితే దాని తర్వాతి సామాను. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రాసుకోండి. విప్పేది ఆఖరున.

కనుమ మర్నాడు నాన్నని హోస్పేటలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గాజు గదిలో కూర్చోబెట్టి చప్పుళ్ళు వినిపించి గీత గీశారు. లావు చప్పుళ్ళ దగ్గర గీత బాగానే ఉంది, సన్నవాటి వైపుకి వచ్చేసరికి మెట్టు దిగినట్టు పడిపోయింది. నాన్న ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "నాలుగో టోపీలో గ్రీజు పోలేదన్నమాట" అన్నారు. డాక్టరుకి అర్థం కాలేదు. మేము నవ్వలేకపోయాం.

చెవి మిషను ఇప్పించాం. రోజంతా పెట్టుకోరు, గోలగా ఉందంటారు. జీపు తీసేటప్పుడు మాత్రం పెట్టుకుంటున్నారని అమ్మ చెప్పింది. మొన్న తమ్ముడు ఫోను చేశాడు. నాన్న పుస్తకం తీసి కొత్త గడి ఒకటి రాశారట. "ఎడమ వైపు, వెనక, మెల్లగా పోతుంటే, కిచకిచ." వెళ్ళి చూస్తే అది గట్టు మీద నిజం పిట్ట. అయినా ఆ గడి కొట్టెయ్యలేదు, అలాగే ఉంచారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు "నాకేం వినపడట్లా" అంటే ఒకసారి నమ్మి చూడండి. బండి కింద దూరేముందు మాత్రం ఎవరు చెప్పినా చెప్పకపోయినా చక్రానికి రాయి పెట్టండి.